దినవాక్యము – దినకూలి

ధ్యాన భాగములు: లేవీయకాండము 19:13, ద్వితీయోపదేశకాండము 24:14, 15, యాకోబు 5:4



ఉదయమున లేచి వాక్యభాగము చదువుకొని, దానినిబట్టి ప్రార్థించి, అటుపిమ్మట పొలమునకు పోవు అలవాటు మన సంఘములలో అనేక కుటుంబములయందు నిలిచియున్నది. చదువురాని తల్లులు బడికి పోవు పిల్లలచేత చదివించుకొని వినుచున్నారు. ఇది పాత ఆచారమే. 1728వ సంవత్సరమున జర్మనీ దేశమందలి హెర్న్‌హూట్ అను చిన్న గ్రామములో, విశ్వాసము నిమిత్తము మొరేవియా విడిచి వచ్చిన కుటుంబములకు జమీందారైన జిన్‌జెండార్ఫ్ దినమునకొక వాక్యము నియమించెను. ఒక సహోదరుడు ఆ వాక్యమును ఇంటింటికి తీసికొనిపోయి చెప్పెడివాడు. 1731 నుండి ఆ వాక్యములు ఏటేట పుస్తకముగా అచ్చుపడుచు వచ్చినవి, నేటికిని వచ్చుచున్నవి. ఇంటింటికి పోయిన ఆ సహోదరుడు వాక్యమును చెప్పుటయేగాక ఆ యింటి స్థితిని కూడ చూచియుండునని మాకు తోచుచున్నది. అచ్చు పుస్తకము మన యిల్లు చూడలేదు. ఆ చూచుట ఇప్పుడు మన వంతు.

ఈ మాసమున మనము ఆలోచింపవలసిన ప్రశ్న ఇది. ఒక రైతు ఉదయమున లేవీయకాండము 19వ అధ్యాయము తెరచెను. పనివానికి ఇయ్యవలసిన డబ్బు తెల్లవారువరకు యజమానుని చేతిలో నిలువరాదని అక్కడ దేవుడు సెలవిచ్చుచున్నాడు. తెల్లవారినది. నిన్న నాట్లు వేసిన పదిమంది స్త్రీల కూలి ఇంకను ఇంటిలోని పెట్టెలోనే యున్నది. రైతు మోకాళ్లూని, కన్నీటితో, “ప్రభువా, ఈ పాపమును క్షమించుము” అని ప్రార్థించి లేచెను. పిమ్మట పశువులకు మేత వేయుటకు పోయెను. అతని ప్రార్థన చాలినదా?

చాలినదని చెప్పువారు లేకపోలేదు. మనము కృపచేత రక్షింపబడితిమి గాని క్రియలచేత కాదు, దేవుడు విరిగిన హృదయమును చూచును గాని లెక్క పుస్తకమును చూడడు అని వారందురు. ఈ మాటను మేము తేలికగా తీసివేయము. ఈ సత్యము కొరకే మార్టిన్ లూథర్ అంత పోరాడెను. యాకోబు పత్రిక క్రియలను గూర్చి అంతగా చెప్పుచున్నందున 1522లో దానిని గడ్డితో పోల్చినవాడు ఆయనయే. అయితే ఆ లూథరే వాక్యమునుబట్టి ప్రార్థించుట యెట్లని ఒక చిన్న పుస్తకము వ్రాసియున్నాడు. దాని సంగతి కొంత చెప్పవలెను.

విట్టెన్‌బర్గ్ పట్టణములో లూథరునకు క్షౌరము చేయు పీటర్ బెస్కెన్‌డార్ఫ్ అను వృద్ధ స్నేహితుడు, ప్రార్థన చేయుట యెట్లో నేర్పుమని ఆయనను అడిగెను. గొప్ప పండితుడైన లూథర్ ఆ పనివాని కొరకు కూర్చుండి వ్రాసి, 1535లో అచ్చు వేయించెను. మంచి క్షురకుడు తన కన్నును మనస్సును కత్తిమీదనే యుంచవలెను, మాటలలో పడినయెడల ఎదుటివాని ముక్కో గొంతో కోయును, ప్రార్థించువాని మనస్సును అట్లే ఉండవలెనని అందులో ఆయన చెప్పుచున్నాడు. ఒక్కొక్క ఆజ్ఞను తీసికొని నాలుగు పోగులు పేనిన దండవలె చేసికొందునని కూడ చెప్పెను. ఈ ఆజ్ఞ నాకేమి నేర్పుచున్నదనునది మొదటి పోగు. దీనికొరకు దేవునికి ఏ వందనము చెల్లింపవలెననునది రెండవది. ఇందులో నా తప్పు ఏమని ఒప్పుకొనుట మూడవది. ఇది నెరవేర్చుటకు సహాయము అడుగుట నాలుగవది. గమనించుడి, ఒప్పుకోలు మూడవ పోగు మాత్రమే. మన రైతు అక్కడ ఆగి లేచిపోయెను. క్షమాపణ అడిగెను గాని, ఇచ్చుటకు చేయి చాపుమని తనకొరకు అడుగలేదు.

ఆ వృద్ధుని కథ అంతటితో ముగియలేదు. ఆ సంవత్సరమే ఈస్టరు ముందటి శనివారమున అతడు తన కుమార్తె యింట భోజనమునకు కూర్చుండెను. సైనికుడైన అల్లుడు తనకు ఏ ఆయుధము తగులదని గొప్పలు చెప్పుకొనెను. పీటర్ కత్తి తీసి పొడిచెను, అల్లుడు చనిపోయెను. లూథర్ మొదలగువారు మనవి చేసినందున ప్రాణము దక్కెను గాని, ఆస్తి పోగొట్టుకొని ఊరు విడిచిపోవలసివచ్చెను. ప్రార్థనను గూర్చి లోకములో వ్రాయబడిన మంచి పుస్తకములలో ఒకటి ఎవని పేరట వ్రాయబడెనో వాని చేయి ఆ పని చేసెను. దీనిని విని పుస్తకమును నిందింపనక్కరలేదు. పీటరును గూర్చి తీర్పు తీర్చుటయు మన పని కాదు. ప్రార్థించు క్రమము తెలియుట వేరు, అది చేతిలోనికి దిగుట వేరు అని మాత్రము దీనిని చూచి తెలిసికొనుచున్నాము.

మరల కూలి సంగతికి వత్తము. లేవీయకాండములో ఆజ్ఞ మాత్రమున్నది. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో దాని కారణము గూడ కలదు. ప్రొద్దు క్రుంకకముందే ఇయ్యుము, ఏలయనగా వాడు బీదవాడు, వాని ప్రాణము దానిమీద ఆధారపడియున్నది, వాడు నీమీద దేవునికి మొఱ్ఱపెట్టినయెడల అది నీకు పాపమగును అని దాని భావము. ఈ భాగమును నిదానముగా ధ్యానించినయెడల ఒక భయంకరమైన సంగతి కనబడును. ఒకే గ్రామమునుండి రెండు ప్రార్థనలు పైకి పోవుచున్నవి. “మా పొలమును దీవించుము” అని రైతు ఉదయమున ప్రార్థించుచున్నాడు. అదే పొలములో వంగి పనిచేసిన స్త్రీ, రాత్రి పొయ్యి ముట్టింపక, “ప్రభువా, చూడుము” అని మొఱ్ఱపెట్టుచున్నది. ఏది ఆలకింపబడును? కోతవారి కేకలు సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవులలో చొచ్చియున్నవని యాకోబు స్పష్టముగా చెప్పుచున్నాడు. రైతు ప్రార్థనను గూర్చి ఆయన ఏమియు చెప్పలేదు.

ఈ రెండు ప్రార్థనలు అనేక పర్యాయములు ఒకే గుడిలోనుండి పోవుచున్నవి! ఇద్దరును ఒకే చాపమీద కూర్చుందురు. ఇద్దరును ప్రభువు నేర్పిన ప్రార్థనను కలిసి చెప్పుదురు. అందులో ఆహారము కొరకైన మనవి “నాకు” అని లేదు, “మాకు” అని యున్నది. తనయొద్ద కూలి నిలిపియున్న స్త్రీ ప్రక్కన నిలిచి ఆ మాట పలుకువాడు, ఆమెకు ఆహారమిమ్మని దేవుని అడుగుచు ఆ ఆహారమును తన పెట్టెలో పెట్టుకొన్నవాడగును. ఇంత చేరువలో నున్న జవాబును దేవుడు మరెక్కడనుండి పంపవలెను?

సంవత్సరాది రాత్రి ఆరాధనలో మనము వాగ్దాన కార్డులు తీసికొనుట యున్నది. అది తప్పని మేము చెప్పము. అనేకులు ఆ వచనముచేత కష్టకాలములో ఆదరణ పొందియున్నారు. అయితే లేవీయకాండము 19:13 ఉన్న కార్డు మాకు ఇంతవరకు కనబడలేదు. యిర్మీయా 29:11 మాత్రము తప్పక కనబడును. దేవుని తలంపులు సమాధానకరమైనవను ఆ వచనము బబులోనులో చెరనున్నవారికి వ్రాసిన ఉత్తరములోనిది. దానికి ముందటి వచనములో డెబ్బది సంవత్సరములు అని యున్నది. విన్న పెద్దలలో అనేకులు తిరుగుదలను చూడకయే చనిపోవుదురని అర్థము. అంతేకాదు, అదే యిర్మీయా 22వ అధ్యాయములో యెహోయాకీము రాజును గూర్చి పలికినది చదువుడి. ఆ రాజు పొరుగువారిచేత ఊరక పని చేయించుకొని, కూలి ఇయ్యక, విశాలమైన మేడ కట్టుకొనెను. అతని తండ్రి యోషీయా దీనులకు న్యాయము తీర్చెను. నన్ను తెలిసికొనుట అనగా అదియే గదా అని దేవుడు అడుగుచున్నాడు. 29వ అధ్యాయము కార్డు మీద కలదు, 22వ అధ్యాయము లేదు. ఇద్దరు ప్రవక్తలు కారు, ఒక్కడే.

ఉపవాస ప్రార్థనలు జరుపుకొను సంఘములవారు యెషయా 58వ అధ్యాయమును కూడ చూడవలెను. మేము ఉపవాసముండగా నీవేల చూడవు అని జనులు అడుగగా, ఉపవాస దినముననే మీ పనివారిని బాధించుచున్నారు గదా అని జవాబు వచ్చెను.

ఇప్పుడు మన రైతు పక్షమున ఒక మాట చెప్పవలెను. లేనియెడల మేము అన్యాయము చేసినవారమగుదుము. మనలో అనేకులు రెండెకరములో మూడెకరములో కౌలుకు చేయువారు. ధాన్యము అమ్మి వారములు గడచినను వ్యాపారి డబ్బు ఇయ్యడు. విత్తనములకు, ఎరువులకు అప్పు పెరుగుచుండును. తనకు రావలసినది రానివాడు ఇతరులకు ఎట్లు ఇయ్యగలడు? ఈ ప్రశ్న సాకు కాదు, నిజమైన ఇరుకు. ధర్మశాస్త్రము ఈ ఇరుకును ఎరుగనిది కాదు, అయినను గడువు మార్చలేదు, సూర్యాస్తమయమే గడువు. కారణమేమనగా, ఇరుకు ఇద్దరికిని ఉన్నను ఆకలి ముందుగా ఎవరి యింటికి వచ్చునో దేవునికి తెలియును. రైతు ఇంట గాదెలో బియ్యమున్నంతవరకు కూలి లేదనుట సరికాదని మా అభిప్రాయము. డబ్బు లేనప్పుడు, వారు ఒప్పుకొన్నయెడల, గింజలతో ఇయ్యవచ్చును. గింజలు కూడ లేవా? అప్పుడు ప్రొద్దు క్రుంకకముందు తానే వారి యింటికి నడచిపోయి, ముఖాముఖిగా చెప్పి, దినము నిర్ణయించి రావలెను. పిల్లవానిచేత కబురు పంపుట కాదు, “రేపు రమ్ము” అని గుమ్మములోనుండి చెప్పుట కాదు. బలిపీఠమునొద్ద అర్పణ విడిచి మొదట సహోదరునియొద్దకు వెళ్లుమని ప్రభువు చెప్పినది (మత్తయి 5:23, 24) ఇటువంటి నడకయే. ఆ నడకలో ప్రార్థించుచు పోవచ్చును. ఇంటిలో చేసిన ప్రార్థనకంటె అది తక్కువది కాదు.

కూలి చేయు సహోదరీ సహోదరులు కూడ ఇదే భాగమును చదువుదురు. వారికి ఇది ఏమి చెప్పుచున్నది? తమ కూలి అడుగుట ఓర్పులేనితనము కాదని చెప్పుచున్నది. క్రైస్తవులు అడుగరాదు, దేవుడే చూచుకొనును అని బోధించువారిని మేము వినియున్నాము. ఆ బోధ ఎప్పుడును కూలి బాకీపడినవారికే లాభముగా నుండుట విచిత్రము. వినయముగా అడుగుడి, అవసరమైనయెడల పెద్దలతో కలిసి అడుగుడి. పని నమ్మకముగా చేయవలెనను మాట కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 3వ అధ్యాయములో కలదు. దానికి వెంటనే 4వ అధ్యాయపు మొదటి వచనములో యజమానులు న్యాయమైనది ఇయ్యవలెనను మాటయు కలదు.

సంఘపు కమిటీలు కూడ దీనికి బయట లేవు. ప్రహరీ గోడ కట్టిన మేస్త్రీకి బాకీ యుంచి, ఆ గోడలోపల వందన కూడిక జరుపుట తగదు.

ఒక చిన్న ఏర్పాటును సంఘస్థుల ముందు ఉంచుచున్నాము. పరిశుద్ధ గ్రంథము ఉంచు గూటిలోనే కూలీల లెక్క పుస్తకమును ఉంచుడి. మత్తయి 20వ అధ్యాయములోని ద్రాక్షతోట యజమానుడు సాయంకాలమైనప్పుడు గృహనిర్వాహకుని పిలిచి లెక్క ముగింపించెను గదా. అట్లే సాయంకాల ప్రార్థనకు ముందు ఇంటివారు ఆ పుస్తకము తెరచి, ఎవరిది మిగిలియున్నదో చూచి, ఆ తరువాత పాట ఎత్తుకొనవచ్చును.

పాత బాకీల సంగతి కొందరు అడుగుదురు. నాట్లకు వచ్చిన ముఠా వేరొక జిల్లాకు పోయినది, వారి ఊరు సరిగా తెలియదు, కొందరు చనిపోయిరి, ఇప్పుడేమి చేయవలెనని. ముఠామేస్త్రీని విచారించినయెడల చాలమంది జాడ దొరకును. ఇప్పుడు ఫోను ద్వారా డబ్బు పంపుటయు సులభము. చనిపోయినవారి విషయములో సంఖ్యాకాండము 5వ అధ్యాయము 5 నుండి 8 వచనములు చూడుడి. తప్పు ఒప్పుకొనవలెను, అసలు తిరిగి ఇయ్యవలెను, దానితో అయిదవ వంతు కలుపవలెను. తీసికొనుటకు ఆ మనిషి లేనియెడల అతని బంధువునకు ఇయ్యవలెను. బంధువును లేనియెడల అది యెహోవాదై యాజకునికి చెందును. మన దినములలో అట్టి సొమ్ము సంఘపు బీదల నిధిలో వేయుట తగునని మేము తలంచుచున్నాము. అయితే ముందుగా బంధువును వెదకవలెను.