కల్పం మారే ముందు వీడ్కోలు

సూపర్‌హీరో కామిక్స్ ప్రచురణలో ఒక ఆచారం ఉంది. దశాబ్దాలుగా సాగిన కథ మోయలేనంత బరువెక్కినప్పుడు ప్రచురణకర్తలు దాన్ని ఒకచోట ఆపేస్తారు. పాత్ర పేరూ వేషమూ ఉంటాయి. అప్పటిదాకా ఆ పాత్రకు జరిగినదాంట్లో చాలా భాగం మాత్రం జరగనట్టే లెక్క. పత్రిక మళ్లీ ఒకటో నంబరుతో మొదలవుతుంది. అమెరికాలోని డీసీ కామిక్స్ 1986లో ఒకసారి, 2011లో మరోసారి ఇలా చేసింది. 2011 ఆగస్టు 31న మొదలైన 'న్యూ 52' పథకంలో 52 పత్రికలు ఒకటో సంచికతో బయలుదేరాయి. 1938లో సూపర్‌మ్యాన్‌ను పరిచయం చేసిన 'యాక్షన్ కామిక్స్' పాత లెక్క 904 దగ్గర ఆగింది. 1937లో మొదలైన 'డిటెక్టివ్ కామిక్స్' లెక్క 881 దగ్గర ఆగింది. ఆ చివరి సంచికలను చదివి దాచుకున్న అభిమాని ముందు ఒక ప్రశ్న నిలిచింది. పాత్ర ఎక్కడికీ పోవడం లేదు, వచ్చే నెల మళ్లీ కనిపిస్తుంది. మరి ఈ వీడ్కోలు ఎవరికి?

1986లో ఈ ప్రశ్నను సంపాదకుడు జూలియస్ ష్వార్ట్జ్ సూటిగా ఎదుర్కొన్నాడు. జాన్ బైర్న్ చేతుల్లో కొత్త సూపర్‌మ్యాన్ మొదలు కాబోతున్నాడు. ఈలోగా తన చేతిలో ఉన్న ఆఖరి రెండు సంచికలను, సూపర్‌మ్యాన్ కథ నిజంగా అక్కడితో అయిపోతున్నట్టు రాయించాలని ష్వార్ట్జ్ అనుకున్నాడు. అలన్ మూర్ రాశాడు, ఏళ్ల తరబడి ఆ పాత్రను గీసిన కర్ట్ స్వాన్ బొమ్మలు వేశాడు. ఆ కథలో సూపర్‌మ్యాన్ ఒక ప్రాణిని చంపాల్సి వస్తుంది. చంపినవాడికి ఆ శక్తి ఉండకూడదని తనంతట తానే దాన్ని వదులుకుని మంచులోకి నడిచి వెళ్లిపోతాడు. చనిపోయాడనే లోకం అనుకుంటుంది. పదేళ్ల తర్వాత, సూపర్‌మ్యాన్ ప్రేమించిన లోయిస్ ఇంట్లో ఒక పసివాడు బొగ్గు ముక్కను పిడికిట్లో నలిపి వజ్రం చేస్తాడు, మామూలు మనిషిగా బతుకుతున్న తండ్రి పాఠకుడికి కన్ను గీటుతాడు. ముగిసిపోతున్న కథకు అంత మర్యాద చేయడం ప్రచురణ చరిత్రలో అరుదు.

ఒకే కథ పలుమార్లు మొదలవడం పురాణ పాఠకుడికి కొత్త కాదు. వినాయకుడి పుట్టుక ఒక పురాణంలో ఉన్నట్టు మరో పురాణంలో ఉండదు. ఏది నిజమని అడిగితే పౌరాణికులు చెప్పే సమాధానం కల్పభేదం. ఒక కల్పం అంటే బ్రహ్మకు ఒక పగలు, మన లెక్కలో 432 కోట్ల సంవత్సరాలు. కల్పాంతంలో ప్రళయం వస్తుంది, ఆ తర్వాత సృష్టి మళ్లీ మొదలవుతుంది, కథలు కొద్ది కొద్ది మార్పులతో మళ్లీ నడుస్తాయి. కాబట్టి రెండు కథలూ నిజమే, వేర్వేరు కల్పాల్లో. తెలుగింట్లో పూజకు కూర్చున్న గృహస్థు సంకల్పంలో శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం అని చెప్పుకుంటాడు. ఏ ఆవృత్తిలో ఉన్నాడో ఒప్పుకున్నాకే దేవుణ్ణి పిలుస్తాడన్నమాట.

పురాణాలు ఇంకో తేడా కూడా పాటిస్తాయి. ఇంద్రుడు ఒక వ్యక్తి పేరు కాదు, పదవి. విష్ణుపురాణం ప్రకారం ప్రతి మన్వంతరానికీ ఇంద్రుడూ మనువూ సప్తర్షులూ మారతారు; ఇప్పటి ఇంద్రుడు పురందరుడు, వచ్చే మన్వంతరంలో ఆ సింహాసనం బలి చక్రవర్తిది. కామిక్స్‌లో ఫ్లాష్ అలాంటి పదవి: 1940లో జే గారిక్, 1956లో బ్యారీ అలెన్, 1985లో బ్యారీ చనిపోయాక అతని శిష్యుడు వాలీ వెస్ట్. ఇలాంటి మార్పును అభిమాని సులభంగానే జీర్ణించుకుంటాడు, ఎందుకంటే పోయినవాడు పోయాడని కథే ఒప్పుకుంటుంది. ఉన్నవాడినే ఉంచి, అతను బతికిన బతుకును తుడిచేయడం కష్టమైన మార్పు.

ఆ కష్టాన్ని ఒక జానపద కథ హనుమంతుడి మీద పెట్టి చెబుతుంది. రామావతారం ముగిసే వేళయింది. హనుమంతుడు పక్కనుంటే యముడు దగ్గరకు రాలేడు. రాముడు తన ఉంగరాన్ని నేల బీటలోకి జారవిడిచి తెచ్చిపెట్టమంటాడు. హనుమంతుడు పాతాళం దాకా దిగుతాడు. అక్కడి రాజు ఒక పళ్లెం చూపిస్తాడు. అందులో వేల ఉంగరాలు, అన్నీ రాముడివే. ఎంతమంది రాములు వచ్చి వెళ్లారో అన్ని ఉంగరాలు. నువ్వు పైకి వెళ్లేసరికి నీ రాముడు ఉండడని అతను చెబుతాడు. కల్పభేదం ఇక్కడ మొత్తం బోధపడుతుంది, అయినా హనుమంతుడికి ఊరట దొరకదు. అతను అడుగుతున్నది రాముళ్లలో ఒకణ్ణి కాదు. సముద్రం దాటి వెళ్లింది ఎవరి ముద్రికతోనో ఆ రాముణ్ణి. ద్వాపరంలో కృష్ణుడు పిలిచినా హనుమంతుడు రాముడి రూపం కోసమే పట్టుబట్టాడన్న కథలూ ప్రచారంలో ఉన్నాయి. శ్రీహరి ఒక్కడేనని అతనికి తెలుసు. తెలిసి కూడా తనకు కావలసింది ఆ ఒక్క రూపమేనంటాడు. భక్తి సంప్రదాయం అతన్ని తప్పు పట్టలేదు, భక్తుల్లో మొదటి వరసలో కూర్చోబెట్టింది. కల్పభేదం కథల మధ్య వైరుధ్యాన్ని తీరుస్తుంది కానీ, ప్రేమించినవాడి దుఃఖాన్ని తీర్చడానికి చాలదు. అభిమాని వీడ్కోలును చిన్నపిల్లల మారాంగా కొట్టిపారేసేవారు చూడాల్సింది ఇక్కడే.

తెలుగూ మరాఠీ కలిసే ప్రాంతానికి పెద్ద క్షేత్రం మహారాష్ట్రలో నాందేడ్ జిల్లాలోని మాహురు. తెలుగువారు అష్టాదశ శక్తిపీఠాల్లో ఏకవీరికా దేవిగా కొలిచే తల్లి అక్కడ రేణుక. అక్కడి స్థల కథ వీడ్కోలు గురించే. జమదగ్ని హత్య తర్వాత రేణుక సహగమనం చేసింది. దత్తాత్రేయుడు ఆచార్యుడిగా ఉండి పరశురాముడి చేత తల్లిదండ్రులకు అంత్యక్రియలు చేయించాడు. కర్మ అయిపోయింది, కొడుకు దుఃఖం మాత్రం ఆగలేదు. తల్లి కొండలోంచి తిరిగి వస్తుందనీ, వెనక్కి చూడవద్దనీ ఆకాశవాణి చెప్పింది. పరశురాముడు ఆగలేక వెనుదిరిగి చూశాడు. అప్పటికి ముఖం వరకే పైకి వచ్చింది. అందుకే మాహురు గర్భగుడిలో నిలువెత్తు విగ్రహం ఉండదు, పూజలన్నీ ముఖానికే. ఈ కథ పరశురాముడి తొందరపాటును దాచదు. అయితే అతని ఆరాటం వల్ల దొరికిన ముఖాన్ని సగం రూపమని తక్కువ చేయదు, దాన్నే శక్తిపీఠం చేసింది. పోయినదాంట్లోంచి దుఃఖం ఎంత వెనక్కి తెచ్చుకోగలిగిందో అంతే పూజార్హమైంది.

అన్ని మార్పులూ దుఃఖంతో జరగనక్కరలేదు. గుడికి మరమ్మతు చేయాల్సి వస్తే ఏం చేయాలో ఆగమాలు చాలా శ్రద్ధగా చెప్పాయి. ముందు బాలాలయం కడతారు. మంత్రపూర్వకంగా మూలమూర్తిలోని దైవకళను కలశంలోకి ఆవాహన చేస్తారు. దీన్నే కళాకర్షణ అంటారు. ఆ కళను బాలాలయంలోని మూర్తికి చేర్చి, పని జరిగినన్నాళ్లూ నిత్యపూజలు అక్కడే చేస్తారు. పని ముగిశాక మహాసంప్రోక్షణతో కళను తిరిగి గర్భగుడికి చేరుస్తారు. తిరుమలలో పన్నెండేళ్లకోసారి జరిగే అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణ 2018 ఆగస్టులో జరిగింది. యాదాద్రిలో 2016లో బాలాలయానికి మారిన లక్ష్మీనరసింహస్వామి సేవలు, ఆలయ పునర్నిర్మాణం పూర్తయ్యాక 2022 మార్చి 28న ప్రధానాలయానికి తిరిగి వచ్చాయి. ఆరేళ్లలో ఆలయ రూపం పోల్చుకోలేనంత మారింది. అయినా వేరే దేవుడి గుడికి వచ్చామని భక్తులకు అనిపించలేదు, ఎందుకంటే మధ్యలో ఒక్క రోజు కూడా ఆరాధన తెగలేదు.

పాతదాన్ని కదిలించే ముందే దాని సారాన్ని ఇంకోచోట భద్రపరచడం ఈ పద్ధతికి ప్రాణం. 1986లో ష్వార్ట్జ్ చేయించిన పనిలో ఆ శ్రద్ధ కనిపిస్తుంది. 2011లో ఆ బాధ్యత చాలావరకు పాఠకుల మీదే పడింది. చివరి సంచికను మళ్లీ మళ్లీ చదవడం, ఎవరు ఎవరికి స్నేహితులో, ఏ పెళ్లి ఎప్పుడు జరిగిందో గుర్తుపెట్టుకోవడం వారి కళాకర్షణ.

తెలుగు పాఠకుల అనుభవంలో దీనికి దగ్గరిది 'చందమామ'. బి. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో ప్రారంభించిన ఈ పత్రికలో బేతాళ కథ నెలనెలా తనను తానే మళ్లీ మొదలుపెట్టుకునేది. విక్రమార్కుడు చెట్టు మీది శవాన్ని భుజాన వేసుకుంటాడు, బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు, రాజుకు మౌనభంగం కాగానే శవం తిరిగి చెట్టెక్కుతుంది. సంస్కృతంలోని పాతిక కథలు ఎప్పుడో అయిపోయినా పత్రిక దశాబ్దాల పాటు కొత్త కథలు పుట్టించింది. కథ మారింది, చట్రం మారలేదు. కత్తి పట్టి శవాన్ని మోసే రాజు బొమ్మ గీసిన శంకర్ కూడా చాలా కాలం మారలేదు. అందుకే 1998లో ఆగిన పత్రిక 1999 డిసెంబరులో మళ్లీ వచ్చినప్పుడు పాఠకులు దాన్ని తమ చందమామగానే చేతుల్లోకి తీసుకున్నారు. 2010ల తొలి ఏళ్లలో అది మళ్లీ ఆగిపోయినప్పుడు ఆఖరి కథ అంటూ ఒకటి రాలేదు. విక్రమార్కుడికి వీడ్కోలు చెప్పే అవకాశం దొరకని ఆ వెలితి పాత పాఠకుల్లో ఇప్పటికీ ఉంది. ష్వార్ట్జ్ రెండు సంచికల విలువ దీని పక్కన పెట్టి చూస్తే బాగా తెలుస్తుంది.

డీసీ కామిక్స్ కూడా ఐదేళ్లు తిరక్కుండానే పాఠకుల జ్ఞాపకాల దగ్గరికి తిరిగి రావాల్సి వచ్చింది. 2016 మే 25న జెఫ్ జాన్స్ రాసిన 'రీబర్త్' సంచిక వచ్చింది. అందులో పాత లోకపు వాలీ వెస్ట్‌ను అందరూ మరచిపోయి ఉంటారు. అతను కరిగిపోతూ, తనను గుర్తుపట్టేవారు ఒక్కరైనా ఉంటారేమోనని ఒక్కొక్కరి ముందూ కనిపిస్తాడు. ఎవరూ గుర్తుపట్టరు. చివరికి, కొత్త లోకంలో బతికే ఉన్న గురువు బ్యారీ అలెన్ దగ్గరకు వచ్చి, కాపాడమని అడగకుండా, కృతజ్ఞత చెప్పి సెలవు తీసుకుంటాడు. జారిపోతున్న ఆఖరి క్షణంలో బ్యారీకి ఆ పేరు గుర్తొస్తుంది, చెయ్యి పట్టి లాగుతాడు. వాలీ బతికింది అతని వేగం వల్ల కాదు, ఒకరు అతన్ని మరచిపోకపోవడం వల్ల. ఆ జూన్‌లో 'యాక్షన్ కామిక్స్' 957వ సంచికగా వచ్చింది: పాత 904కు, మధ్యలో కొత్త లెక్కతో వచ్చిన 52 సంచికలను కలిపి, ఆ తర్వాతి నంబరు వేశారు. 'డిటెక్టివ్ కామిక్స్' కూడా అదే లెక్కన 934తో తిరిగి మొదలైంది. రెండు పత్రికలూ వెయ్యో సంచికను ఆ పాత లెక్కతోనే, ఒకటి 2018లో, మరొకటి 2019లో చేరుకున్నాయి.