హద్దు ఎక్కడ గీయాలి?

చూసేవాడు ఎక్కడ ముగుస్తాడు, చూడబడేది ఎక్కడ మొదలవుతుంది? అద్వైత వేదాంతంలోని దృగ్దృశ్య వివేకం ఈ హద్దును కంటి నుంచి మనసుకూ, మనసు నుంచి సాక్షికీ లోపలికి జరుపుతూ పోతుంది. తరంగాన్ని పంపి, తిరిగొచ్చేదాన్ని కొలిచే వెక్టర్ నెట్‌వర్క్ అనలైజర్ వాడే ఇంజనీరు దాన్ని బయటికి జరుపుతాడు. షార్ట్, ఓపెన్, లోడ్ అనే ప్రమాణాలను కేబుల్ కొసన బిగించి క్యాలిబ్రేషన్ చేస్తే కొలత అక్కడి నుంచే మొదలవుతుంది. అంతవరకూ ఉన్న కేబుల్ పరికరంలో భాగమైపోతుంది. ఆ కొసే రిఫరెన్స్ ప్లేన్. గాలి నిండిన లైనులో, 1 గిగాహెర్ట్జ్ దగ్గర, దీన్ని ఒక్క సెంటీమీటరు జరిపితే తిరిగొచ్చే తరంగం ఫేజు 24 డిగ్రీలు మారుతుంది. 7.5 సెంటీమీటర్లు వెనక్కి జరిగి చూస్తే షార్ట్ కాస్తా ఓపెన్‌లా కనిపిస్తుంది.

అయితే నిజమన్నది మన ఇష్టమేనా అని ఎవరైనా అడగొచ్చు. కాదు. నష్టం లేని లైనులో ప్లేన్ ఎక్కడున్నా ప్రతిఫలన పరిమాణం మారదు; ఫేజు మారినా లెక్క ప్రకారమే మారుతుంది. హద్దు మన ఎంపిక, దాని పర్యవసానం కాదు. ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఒకటుంది: ప్రమాణాన్ని కొలిచేదెవరు? ఓపెన్ కొసన కూడా కాస్త కెపాసిటెన్స్ ఉంటుంది, అది ముందే తెలిసి ఉండాలి. 1979లో ఎంగెన్, హోయర్ ప్రతిపాదించిన టీఆర్‌ఎల్ (త్రూ, రిఫ్లెక్ట్, లైన్) పద్ధతిలో రిఫ్లెక్ట్ అనే ప్రమాణం ఎంత ప్రతిఫలిస్తుందో కచ్చితంగా తెలియనక్కర్లేదు, రెండు పోర్టుల దగ్గరా ఒకేలా ఉంటే చాలు. భారమంతా లైను ఇంపిడెన్సు మీద పడుతుంది. దానికి ఆధారం లోహపు కొలతలు. వెనక్కి వెళ్లేకొద్దీ ఆధారం మారుతుందే తప్ప మాయం కాదు. మళ్లీ క్యాలిబ్రేషన్ చేయకుండా లెక్కతోనే ప్లేన్‌ను జరిపే పోర్ట్ ఎక్స్‌టెన్షన్‌ను నమ్ముకునేవాళ్లు మరిచేది ఇదే: అది ప్రధానంగా ఆలస్యాన్ని సరిచేస్తుంది, పొసగని కనెక్టరు ప్రతిఫలనం మాత్రం కొలుస్తున్న నమూనా ఖాతాలోనే పడుతుంది.