అనుమతి యిచ్చుట కధికార మెవరిది?

ఒకరి సొమ్మును మరియొకరు దానము చేయవచ్చునా యను ప్రశ్నను మన ధర్మశాస్త్రకారు లెంతో సూక్ష్మముగా విచారించిరి. ఇతరులు నమ్మి మనయొద్ద నుంచిన నిక్షేపమును, ఎరువు తెచ్చుకొన్న వస్తువును, పలువురకు ఉమ్మడియైన ద్రవ్యమును ఎంతటి కష్టకాలమునందైనను ఈయరాదని నారదస్మృతి శాసించుచున్నది; భయముచేత నిచ్చినదియు, మోసపోయి యిచ్చినదియు, బాలుడును మూఢుడును ఇచ్చినదియు దానమే కాదనియు నందే చెప్పబడినది. ఆ విచారణ యంతయు నేడు మన చేతిలోని ఫోనును గూర్చి మరల చేయవలసియున్నది.

క్రొత్తగా నొక సామాజిక మాధ్యమపు యాప్‌ను తెరచినప్పుడు, కాంటాక్ట్స్ చూడనిచ్చెదరా, ఫోటోలు చూడనిచ్చెదరా, లొకేషన్ తెలిసికొననిచ్చెదరా యని యది యడుగును. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 మొదలుకొని యిట్లు వేరువేరుగా నడుగు పద్ధతి ఆ ఫోనులలో నేర్పడినది. పద్ధతి మంచిదే. కాని చదువకయే ‘అనుమతించు’ అనుచోట వ్రేలు మోపువాడు తన గోప్యమును మాత్రమే విడుచుచున్నాననుకొనును. ఆ కాంటాక్ట్స్ నొకమారు తెరచి చూచినచో, ‘అత్తయ్య కొత్త నెంబరు’, ‘కిడ్నీ డాక్టరుగారు’, ‘వడ్డీ షావుకారు’, ‘అమ్మాయి సంబంధం – గుంటూరు’ అని మనము వ్రాసికొన్న పంక్తులు కనబడును. ప్రతి పంక్తియు నొక మనుష్యుడు మనలను నమ్మి యిచ్చిన నిక్షేపము. అందు కొన్ని యొక రోగమును, ఒక ఋణమును, ఒక యింటి రహస్యమును గూడ బయలుపరచును. వారిలో నెవ్వరి నడిగి మన మనుమతించితిమి?

2018లో వెల్లడియైన కేంబ్రిడ్జ్ అనలిటికా యను సంస్థ వ్యవహారమున ఈ దోష మెంత దూరము ప్రాకగలదో లోకమునకు తెలిసినది. వ్యక్తిత్వ పరీక్ష యను పేర ఫేస్‌బుక్‌లో వెలసిన యొక యాప్, తన్ను స్వీకరించినవారి వివరములతో పాటు వారి స్నేహితుల వివరములను గూడ సంగ్రహించినది. మన దేశమున దానిని స్వీకరించినవారు 335 మందియే; స్నేహితులతో కలిపి మొత్తము 5,62,455 మంది వివరములు చేజారియుండవచ్చునని ఫేస్‌బుక్ సంస్థయే ప్రకటించినది.

దాచవలసిన తప్పేమియు చేయనివానికి గోప్యముతో పనియేమని కొంద రందురు. గోప్యము పాపమునకు వేసిన ముసుగు కాదు; తన్ను గూర్చి యెవరి కెంత తెలియవలెనో తానే నిర్ణయించుకొను స్వాతంత్ర్యము. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి వ్యాజ్యమున సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము దీనిని ప్రాథమిక హక్కుగా నేకగ్రీవముగా ప్రకటించినది. నాకు దాచవలసిన దేమియు లేదనుట నా వైరాగ్యమైన కావచ్చును; నీకు దాచవలసిన దేమియు లేదని నేను నిర్ణయించుట దౌర్జన్యము.

సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టముగా, విషయము తెలిసి యిచ్చినదై యుండవలెనని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టము చెప్పుచున్నది. వైద్యసలహా నిచ్చు యాప్ కాంటాక్ట్స్ నడిగినచో, రోగి సరేయనినను, ఆ పనికి అవి యక్కరలేదు గావున ఆ సమ్మతి చెల్లదని యందొక యుదాహరణము గూడ నున్నది. సమ్మతి కోరు విన్నపమును తెలుగులో చదువుకొను హక్కును సైతము ఆ చట్టము మనకిచ్చినది.

అయినను చట్టము పుచ్చుకొనువానిని మాత్రమే కట్టడి చేయగలదు. ఇచ్చువాని చేతిని నిలుపవలసినది ధర్మబుద్ధియే. ఇంట పెద్దవారి ఫోనులో యాప్ వేసి యిచ్చు పిల్లలు వారి తరఫున తామే అన్నిటికిని ‘అనుమతించు’ నొక్కుచున్నారు. అట్లు నొక్కుటకు ముందు ఆ ప్రశ్నను వారికి చదివి వినిపించుట కనీసధర్మము. సెట్టింగ్స్‌లో పర్మిషన్లను చూచి, కాంటాక్ట్స్ అనుమతిని తీసివేయుటకు పట్టునది క్షణకాలము. మనది కానిదానిని ఈయకుండుటకు త్యాగము చేయవలసిన పనిలేదు, పాండిత్యమును అక్కరలేదు; ఇది యెవరిదని యొక్కమారు ప్రశ్నించుకొన్న చాలును.