రేపటి అన్నం: నిలవ భోజనంపై ఒక ధర్మవిచారణ

వారంలోని పనిదినాలకు సరిపడే మధ్యాహ్న భోజనాన్ని ఆదివారం సాయంత్రమే సిద్ధం చేసి, గాజు సీసాల్లో పొరలు పొరలుగా నింపి, మూత బిగించి ఫ్రిజ్‌లో ఉంచుకుని, రోజుకొకటి చొప్పున కార్యాలయానికి తీసుకువెళ్ళే అలవాటు అమెరికాలో బాగా వ్యాపించింది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ, హైదరాబాదులోని ఉద్యోగులకూ కూడా అది ఇప్పుడు తెలియనిది కాదు. పైకి ఇది సౌకర్యానికి సంబంధించిన చిన్న విషయంగానే కనిపించినా, అన్నాన్ని బ్రహ్మంగా భావించే సంప్రదాయంలో పెరిగినవారికి ఇందులో ఒక గంభీరమైన ప్రశ్న ఎదురవుతుంది. రేపు తినవలసినదాన్ని నేడే చేసి దాచుకోవడం ధర్మమేనా? నిజానికి ఇక్కడ రెండు ప్రశ్నలు పెనవేసుకుని ఉన్నాయి: ఒకటి నిలవ ఉన్న ఆహారం గురించి, మరొకటి నిలవ చేసుకున్న మనిషి గురించి. ఈ రెండింటినీ విడదీసి చూడకపోవడం వల్లనే చద్ది తినరాదనే మాట ఒక ఇంట్లో తిరుగులేని నియమంగా, మరొక ఇంట్లో అర్థంలేని పట్టుదలగా వినిపిస్తూ వచ్చింది.

మొదటి ప్రశ్నకు మూలం భగవద్గీత పదిహేడవ అధ్యాయం. అందులోని పదవ శ్లోకం తామసులకు ఇష్టమైన భోజనాన్ని వర్ణిస్తూ యాతయామం, గతరసం, పూతి, పర్యుషితం, ఉచ్ఛిష్టం, అమేధ్యం అనే ఆరు లక్షణాలను చెబుతుంది. వీటిలో పూతి అంటే దుర్గంధం కలది, ఉచ్ఛిష్టం అంటే ఎంగిలి, అమేధ్యం అంటే యజ్ఞానికి పనికిరానిది. వీటి విషయంలో పెద్దగా వివాదం లేదు. యాతయామం, పర్యుషితం అనే రెండు మాటల దగ్గర మాత్రం ఆచార్యుల దారులు వేరవుతాయి. యామం అంటే జాము, అంటే మూడు గంటల కాలం, కనుక జాము గడిచినదే యాతయామమని పదార్థం చెప్పుకోవచ్చు. కానీ శంకరాచార్యులు దాన్ని సరిగా ఉడకనిదని వ్యాఖ్యానించి, పర్యుషితమంటే వండిన తరువాత ఒక రాత్రి గడిచినదని అన్నారు. రామానుజాచార్యులు యాతయామాన్ని చాలాకాలం నిలిచి ఉన్నదిగా గ్రహించి, పర్యుషితమంటే కాలం గడవడం వల్ల వేరొక రుచిని పొందినదని చెప్పారు. ఒకరు గడిచిన రాత్రిని చూశారు, మరొకరు ఆ గడిచిన కాలం పదార్థానికి చేసిన మార్పును చూశారు. ఈ తేడా చిన్నదిగా తోచినా, ఆచరణలో దాని ఫలితం చాలా పెద్దది.

సీసాలో పొరలు పేర్చే పద్ధతిని ఈ రెండు వ్యాఖ్యల వెలుగులో పరిశీలించడం ఉచితం. 1858లో జాన్ లాండిస్ మేసన్ అనే అమెరికన్ పేటెంటు పొందిన మరచుట్ల మూతి సీసా ఈ పనికి ఎక్కువగా వాడుకలో ఉంది. దాని అడుగున నిమ్మరసం, నూనె, ఉప్పు కలిపిన డ్రెస్సింగ్ పోస్తారు. దానిపైన క్యారెట్, ముల్లంగి వంటి గట్టి ముక్కలు, ఆపైన ఉడికించిన శనగలు లేదా ఇతర గింజలు, అన్నిటికంటే పైన తడి లేకుండా ఆరబెట్టిన ఆకుకూర ఉంచుతారు. ఉప్పూ పులుపూ తగిలితే ఆకు కణాల్లోని నీరు బయటికి వచ్చి ఆకు వాడిపోతుంది కనుక, ఆ రెండింటినీ ఆకుకు వీలైనంత దూరంగా ఉంచడమే ఈ అమరికలోని రహస్యం. తినే సమయంలో సీసాను పళ్ళెంలోకి వంచితే అడుగున ఉన్న పులుపు అన్నిటికీ అంటుకుని, సలాడ్ అప్పుడే కలిపినట్లుగా ఉంటుంది. అంటే కాలం రుచిని మార్చకుండా ఆపడానికే ఈ శ్రమ అంతా జరుగుతోంది. రామానుజుల నిర్వచనం ప్రకారం ఏది దోషమో, దాన్ని రానీయకుండా చూసేందుకే పొరలు ఏర్పడ్డాయి. శంకరుల నిర్వచనం వండిన పదార్థానికే వర్తిస్తుంది కనుక పచ్చి కూరగాయలు, ఆకులు దాని పరిధిలోకి రావు, కానీ ఉడికించిన శనగలు వస్తాయి. ఆరోగ్యశాస్త్రం కూడా దాదాపు ఈ గీత దగ్గరే నిలబడుతుంది: గాజుకు గానీ మూతకు గానీ ఆహారాన్ని కాపాడే శక్తి లేదు, ఆ పని చేసేది చల్లదనమే, వండిన గింజలను ఫ్రిజ్‌లోనైనా మూడు నాలుగు రోజులకు మించి ఉంచకపోవడం మంచిది. కనుక వారం చివరి సీసాలో వాటిని వేయకపోవడం శాస్త్రానికీ, ఆరోగ్యానికీ కూడా సమ్మతమే.

మనుస్మృతి ఐదవ అధ్యాయం ఈ విషయంలో ఊహించినదానికంటే ఉదారంగా ఉంది. నూనె, నెయ్యి వంటి స్నేహద్రవ్యం కలిసిన భక్ష్యం రాత్రి గడిచినదైనా తినవచ్చుననీ, యవలతో, గోధుమలతో, పాలతో చేసినవి స్నేహం లేకపోయినా చాలాకాలం నిలిచిన తరువాత కూడా తినదగినవేననీ అది అంగీకరిస్తుంది. పులిసినవాటిలో పెరుగునూ, పెరుగుతో చేసినవాటినీ అనుమతిస్తుంది. నిలవ ఉండటమే దోషమని మనుస్మృతి గుడ్డిగా చెప్పలేదని దీన్నిబట్టి స్పష్టమవుతుంది.

రెండవ ప్రశ్న ఇంత సులభంగా తేలేది కాదు, ఎందుకంటే ఇక్కడ పదార్థం ఎంత తాజాగా ఉన్నా ఆక్షేపణ తొలగదు. బైబిలులోని నిర్గమకాండం పదహారవ అధ్యాయంలో, అరణ్యంలో ఇశ్రాయేలీయులకు కురిసిన మన్నాను ఏ రోజుది ఆ రోజే ఏరుకోవలసి ఉంది. మరునాటికి దాచినవారి పాలిట అది పురుగుపట్టి కంపుకొట్టింది. అయితే విశ్రాంతిదినానికి ముందు రోజు రెండింతలు ఏరుకున్నది మాత్రం చెడలేదు. తరతరాలకు సాక్ష్యంగా ఒక పాత్రలో ఉంచమని ఆజ్ఞ అయిన మన్నా కూడా ఉంది. బౌద్ధ వినయపిటకంలో ఆనందుని ఉపాధ్యాయుడైన బేలట్ఠసీసుని ఉదంతం ఇంకా ఆలోచింపజేస్తుంది. ఆ వృద్ధ భిక్షువు భిక్షలో దొరికిన అన్నాన్ని ఎండబెట్టి దాచుకుని, కావలసినప్పుడు నీటిలో తడిపి తినేవాడు. అతనిలో జిహ్వచాపల్యం ఏమాత్రమూ లేదు. అయినా బుద్ధుడు దాన్ని ఆమోదించక, దాచిన ఆహారాన్ని భిక్షువులు తినరాదని నియమం చేశాడు. బుద్ధుని పరినిర్వాణం తరువాత సుమారు వందేళ్ళకు వైశాలిలో జరిగిన సంగీతిలో, అంటే భిక్షువుల మహాసభలో, చర్చకు వచ్చిన పది అంశాలలో మొట్టమొదటిది, కొమ్ములో ఉప్పు దాచుకుని ఉప్పులేని భిక్షాన్నంలో కలుపుకోవచ్చునా అన్నదే. చిటికెడు ఉప్పు కోసం సంఘం అంత తీవ్రంగా తర్కించడం అల్పత్వం కాదు. భిక్షాపాత్ర ప్రతిరోజూ ఖాళీ కావడం వల్లనే భిక్షువు ప్రతిరోజూ ఊరి వాకిలికి వెళ్ళవలసి వస్తుంది, ఊరు అతన్ని పోషించగలుగుతుంది, అతను ఊరికి బోధించగలుగుతాడు; దాచిన అన్నం ఎంత నిరాడంబరమైనదైనా ఈ బంధాన్ని తెంచుతుంది. నియమం లక్ష్యం ఇదేనని గ్రహించడమే సమంజసం.

గృహస్థుని స్థితి వేరు. మనుస్మృతి నాలుగవ అధ్యాయం గృహస్థ బ్రాహ్మణులను నాలుగు విధాలుగా చెబుతుంది: గాదె నిండా ధాన్యం ఉన్న కుసూలధాన్యకుడు, కుండెడు ధాన్యం ఉన్న కుంభీధాన్యకుడు, మూడు రోజులకు సరిపడా ఉన్న త్ర్యహైహికుడు, రేపటికంటూ ఏమీ మిగుల్చుకోని అశ్వస్తనికుడు. వీరిలో తరువాతివాడు ముందువానికంటే శ్రేష్ఠుడని చెప్పినా, నలుగురిలో ఎవరినీ నిషేధించలేదు. ఐదు సీసాలు నింపుకున్న ఉద్యోగి ఈ వరుసలో రెండవవానికీ మూడవవానికీ నడుమ ఎక్కడో నిలుస్తాడు. అతని విషయంలో అడగవలసిన ప్రశ్న కూడా భిక్షువుకు వర్తించినదే: ఈ నిలవ ఏ బంధాన్ని తెంచుతోంది?

దీనికి నిజాయితీగా జవాబు చెప్పాలంటే, తాజా అన్నమనే ఆదర్శం ఎవరి రెక్కల మీద నడిచిందో ఒప్పుకోక తప్పదు. ఎనిమిదింటికి ఇల్లు విడిచేవారి క్యారియర్‌లో వేడి అన్నం, కూర ఉండాలంటే ఎవరో ఒకరు చీకటితోనే లేచి పొయ్యి ముందు నిలబడాలి. తరతరాలుగా ఆ ఒకరు తల్లి, భార్య, కోడలు. ధర్మశాస్త్రాలు పర్యుషిత దోషాన్ని లెక్కించినంత శ్రద్ధగా ఈ శ్రమను లెక్కించలేదు. తినేవాడు తన తీరిక రోజున తన చేతులతో కూరగాయలు తరిగి సీసాలు నింపుకున్నప్పుడు తెగేది బంధం కాదు, ఒకరి తెల్లవారుజాము మీద మరొకరికి ఉన్న అధికారం. భిక్షువుకు దోషమైన నిలవ గృహస్థునికి ధర్మం కాగలగడం ఇందువల్లనే. అయితే ఆదివారం సాయంత్రం ఆ ఐదు సీసాలనూ కూడా ఆ ఇల్లాలే నింపవలసి వస్తే ఈ సమర్థన నిలవదు.

మిగిలిన చిక్కు అతిథి గురించినది. తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి అన్నాన్ని అధికంగా సమకూర్చుకోవడాన్ని ఒక వ్రతంగా విధించి, ఇంటికి వచ్చిన ఎవరినీ కాదనకూడదనీ, అందుకోసమే ఏ విధంగానైనా ఎక్కువ అన్నం సంపాదించాలనీ చెబుతుంది. అంటే నిలవకు ఉపనిషత్తు చూపిన కారణం రాబోయే మనిషి. ఒకరికి సరిగ్గా సరిపోయేలా కొలిచి మూత బిగించిన సీసాలో ఆ మనిషికి చోటు కనబడదు. పోతన భాగవతం దశమ స్కంధంలోని చల్దుల ఘట్టం ఇక్కడ ప్రమాణంగా స్వీకరించదగినది. ఆవుల్ని, దూడల్ని కాచేవారు ఇంటి నుంచి మూటగట్టుకుపోయే చద్ది కూడా పనిచోటి భోజనమే. ఎవరి ఇంట్లో వారికి విడివిడిగా కట్టినదే. అయినా గోపబాలురు మూటలు విప్పి, ఒకరి కంచంలోది మరొకరు లాక్కుని తింటారు. యజ్ఞభోక్త అయిన కృష్ణుడు చేతిలో పెరుగన్నపు ముద్దతో వారి నడుమ కూర్చుంటాడు. గీత తామసమన్న చద్ది, ఎంగిలి రెండూ ఆ పంక్తిలో ఉన్నా, తెలుగు భక్తులు దాన్ని పరమ పవిత్రంగానే తలుచుకుంటారు.

సామాన్యుల ఆచారంలో ఎంగిలి పట్టింపు పోయేది కాదు కనుక, సీసాలోనే చెంచా ముంచి తినడం కంటే తినకముందే మొత్తాన్ని వెడల్పైన పళ్ళెంలోకి వంచుకోవడం మేలు. పొరలు కలవడానికి అది ఎలాగూ అవసరమే. పక్కన కూర్చున్నవారికి మొదటి వాటా తీసి పెట్టడానికి వీలు కలిగేదీ అప్పుడే.