స్థలమహిమ కదులుతుందా?

పవిత్రత నేలలో ఉంటుందా, నేల మీది రాతిలో ఉంటుందా, రాతికి మొక్కే మనిషిలో ఉంటుందా అన్నది అన్ని మతాలూ ఎదుర్కొన్న ప్రశ్న. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం నుంచి యాచారం, మాల్, చింతపల్లి, కొండమల్లేపల్లి మీదుగా నాగార్జునసాగర్‌కు సాగే దారిలో ఈ ప్రశ్నకు ఒకటికి మించిన జవాబులు దొరుకుతాయి.

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా (1550–1580) కాలం నాటిది. ఊరికి ఆ పేరూ ఆయనదే. తెలంగాణలో చెరువు ఎవరు తవ్వించినా కట్టకు కాపు కట్టమైసమ్మదే. పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన చిన్న రాయి, పక్కన ఓ వేపచెట్టు ఉంటే ఆమెకు గుడి అమరినట్టే. చెరువు నిండి అలుగు దుంకితే ఆడవాళ్లు బోనాలెత్తుకొని కట్ట మీదికి వస్తారు. ఇక్కడ మహిమ కొండలోంచో నదిలోంచో పుట్టలేదు, మనుషులు తట్టలతో మోసి పోసిన మట్టిలోంచి పుట్టింది. కట్ట తెగితే ఊరు మునుగుతుందన్న భయం, చెరువు నిండితే పంట చేతికొస్తుందన్న ఆశ కలిసి ఆ రాతిని దేవతను చేశాయి. చెరువు లేని చోటికి తీసుకెళ్తే ఆ తల్లికి కాపు కాయడానికి కట్టే ఉండదు.

పల్లెల నడిబొడ్డున ఉండే బొడ్రాయి సంగతి వేరు. అది ఊరికి నాభి. ప్రతిష్ఠ రోజున అత్తవారిళ్లకు వెళ్లిన ఆడబిడ్డలను పిలిపిస్తారు, పొలిమేర చుట్టూ పొలి చల్లుతారు. ఊరే మరో చోటికి మారితే అక్కడ మళ్లీ బొడ్రాయి వేసుకుంటారు. ఊరంటే ఇళ్లు కాదు, మనుషులని ఆ ఆచారం ఒప్పుకుంటుంది.

దేవుడి చోటు మార్చడానికి ఆగమశాస్త్రాలు ఒక పద్ధతినే ఏర్పరిచాయి. గుడి బాగు చేయాల్సివస్తే మూలమూర్తిలోని కళను కలశంలోకి ఆవాహన చేసి, తాత్కాలిక గుడి అయిన బాలాలయంలో పూజలు జరిపి, పని పూర్తయ్యాక తిరిగి ప్రతిష్ఠిస్తారు. యాదగిరిగుట్ట పునర్నిర్మాణ కాలంలో 2016 నుంచి 2022 వరకు భక్తులకు బాలాలయంలోనే దర్శనం జరిగింది. గుహలోని స్వయంభూమూర్తిని మాత్రం కదపలేదు. మనుషులు ప్రతిష్ఠించినది కదలవచ్చు, తానై వెలసినది కదలకూడదు అన్నది ఇందులోని భావం.

సాగర్ దగ్గర ప్రశ్న మరింత బరువెక్కుతుంది. కృష్ణ ఒడ్డున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో వెలిగింది. ఇక్ష్వాకు రాజు శాంతమూలుడి సోదరి చాంతిసిరి, వీరపురుషదత్తుడి 6వ పాలనా సంవత్సరంలో అక్కడి మహాచైత్యాన్ని పూర్తి చేయించింది. దాని నాలుగు దిక్కులా అయిదేసి ఆయక స్తంభాలు నిలిపారు. అదే లోయలో సింహళ భిక్షువుల విహారం, శివాలయాలు, కార్తికేయుడి గుళ్లు ఉండేవి. 1926లో శిథిలాలు వెలుగుచూశాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేసేనాటికే లోయ మునుగుతుందని తేలిపోయింది. ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు సాగాయి. ముఖ్యమైన కట్టడాలను విప్పి, కొన్నిటిని నాగార్జునకొండపైన, కొన్నిటిని ఒడ్డునున్న అనుపులో తిరిగి పేర్చారు. జలాశయం నిండాక కొండ ద్వీపమైంది. ఇప్పుడు అక్కడికి లాంచీలో వెళ్లాలి.

ఇటుకకు ఇటుక పేర్చినా ఆ చైత్యాలకు పూజలు తిరిగి మొదలుకాలేదు. లోపం పేర్చిన చేతులది కాదు. ప్రదక్షిణం చేసే భిక్షుసంఘం అక్కడ ఎన్నో శతాబ్దాల కిందటే కనుమరుగైంది. మహాచైత్యం గర్భంలో పురావస్తు శాస్త్రవేత్త లాంగ్‌హర్స్ట్‌కు దొరికిన ధాతువు (పవిత్ర అవశేషం) కథ ఇందుకు భిన్నం. వెండి స్తూపంలో దాచిన బుల్లి బంగారు భరిణెలోని ఆ అస్థిశకలం 1932లో సారనాథ్‌లోని మూలగంధకుటీ విహారానికి చేరింది. దొరికిన చోటికి వందల మైళ్ల దూరంలో ఉన్నా దానికి నేటికీ వందనాలు అందుతున్నాయి.

గ్రీకులు మరో దారి పట్టారు. అపోలో పుట్టిన డెలోస్ ద్వీపాన్ని శుద్ధి చేయడానికి ఏథెన్స్ వాళ్లు క్రీ.పూ. 426లో అక్కడి సమాధులన్నీ తవ్వి తీశారు. ఆ నేల మీద ఇకపై ఎవరూ పుట్టకూడదు, చావకూడదు అని నియమం పెట్టారు. పవిత్రత నేలదే అన్న నమ్మకం ఎంత దూరం పోగలదో ఇది చూపుతుంది. ఆ నేలను కాపాడేందుకు మనిషి బతుకునే దూరం పెట్టారు. నేల నిలిచింది, అపోలో కొలువు మాత్రం ఆగిపోయింది.

నాగార్జునకొండకు ఏ ఆచార్యుడి పేరుందో ఆయన తత్త్వమే ఇక్కడ దారి చూపుతుంది. నాగార్జునుడు ఇక్కడ నివసించాడన్నది సంప్రదాయం చెప్పే మాట. శాసనాల్లో ఈ చోటు శ్రీపర్వతం. ఆయన మాధ్యమిక దర్శనంలో ఏ వస్తువుకూ తనదైన స్వభావం లేదు, ప్రతిదీ హేతువులనూ ప్రత్యయాలనూ ఆశ్రయించి పుడుతుంది. స్వభావం లేదంటే అసలే లేదని కాదు, ఒంటరిగా లేదని అర్థం. మహిమకు ఈ సూత్రాన్ని అన్వయిస్తే అది నేలలోనూ లేదు, రాతిలోనూ లేదు, కేవలం భక్తుడి మనసులోనూ లేదు. ఈ మూడూ కూడినంత కాలం ఉంటుంది, విడిపోతే ఉండదు.

శ్రీశైలం జలాశయం ఈ మాటకు రెండు వైపులా సాక్ష్యం చెబుతుంది. ముంపు నుంచి తప్పించడానికి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. నదుల కూడలి వెనకే మిగిలిపోయినా శివుడికి పూజలు ఆగలేదు. ముచ్చుమర్రి దగ్గరి సంగమేశ్వరం గుడిని మాత్రం ఉన్న చోటే వదిలేశారు. ఏడాదిలో చాలా నెలలు అది నీళ్లలోనే ఉంటుంది. వేసవిలో నీరు తగ్గగానే పూజారి, భక్తులు బురద కడిగి, వేపమాను లింగానికి అభిషేకం మొదలుపెడతారు. ఒకచోట స్థలం మారింది, మరోచోట కాలం కుదించుకుపోయింది. రెండుచోట్లా ఆచరణ నిలబడింది కనుకే దేవుడు నిలిచాడు.

కాబట్టి స్థలమహిమ కదులుతుంది, కానీ ఒంటరిగా కదలదు. ప్రాజెక్టు కోసం ఊరినో గుడినో తరలించేటప్పుడు రాళ్లకు నంబర్లు వేసి జాగ్రత్త చేసినంత శ్రద్ధగా ఆ రాళ్లకు మొక్కే మనుషులను, వాళ్ల జాతరలను, కొలుపులను కూడా జాగ్రత్త చేయాలి. మనుషులను వదిలి రాళ్లను కాపాడితే చరిత్ర దక్కుతుంది. మనుషులతో పాటు కాపాడితేనే పుణ్యక్షేత్రం దక్కుతుంది.