విడిచిన బట్ట మాసిన బట్టేనా?



ఉదయం పదింటికి తొడుక్కొని, బ్యాంకు పనికో పలకరింపుకో వెళ్ళి, పన్నెండింటికల్లా తిరిగివచ్చి విప్పిన చొక్కాను ఎక్కడ పెట్టాలి? ఇంత చిన్న సంగతికి ఒక వ్యాసమా అని మీరు నవ్వవచ్చు. కాని ప్రతి ఇంటిలో, ప్రతి దినం తలెత్తే ప్రశ్న ఇది. దీనికి మనమందరం ఆలోచించకుండానే జవాబు చెబుతున్నాం. ఆలోచించకుండా చేసే పనులలోనే మన నీతి ఎక్కువగా బయటపడుతుంది గనుక, ఈ వారం దీనిని కొంచెం తర్కించి చూద్దాం.

సాధారణంగా మన ఇళ్ళలో మూడు విధాల జవాబులు కనిపిస్తాయి. మొదటి రకం వారు విప్పిన బట్టను విప్పినట్టే మాసిన బట్టల బుట్టలో పడేస్తారు. ఒంటి మీదికి ఎక్కిందంటే అది మురికే అని వారి లెక్క. రెండవ రకం వారు దానిని మడతపెట్టి బీరువాలో ఉతికిన బట్టల మీదనే పెడతారు. ఒక ఉతుకు తప్పిందని వారి తృప్తి. మూడవ రకం వారు కుర్చీ వీపు మీద వేస్తారు. మర్నాడు దానిపై మరొకటి, ఎల్లుండి ఇంకొకటి. వారం తిరిగేసరికి ఆ కుర్చీలో మనిషి కూర్చునే వీలుండదు. ఏది ఎన్నిసార్లు తొడిగారో ఎవరికీ గుర్తుండదు. చివరికి ఎవరో విసుగెత్తి కుప్పనంతా ఎత్తి బుట్టలో వేస్తారు. మొదటివారు చూడకుండానే తీర్పు చెప్పారు. రెండవవారు బట్ట చరిత్రను దాచిపెట్టారు. మూడవవారు తీర్పు చెప్పే పనిని ఇంకొకరి మీదికి నెట్టారు.

మన భాష ఈ మూడు దారులూ తొక్కలేదు. ఉతికిన బట్ట, విడిచిన బట్ట, మాసిన బట్ట అని తెలుగులో మూడు వేర్వేరు మాటలున్నాయి. విడవడం మనం చేసే పని. మాయడం బట్టకు జరిగే మార్పు. మొదటిది జరిగినంత మాత్రాన రెండవది జరిగినట్టు కాదు. మన పాత ఇళ్ళలో ఈ మూడింటికీ మూడు చోట్లుండేవి. ఉతికినవి పెట్టెలో ఉండేవి. మాసినవి మూటలో ఉండేవి. విడిచినవి గోడకు దిగగొట్టిన చిలక్కొయ్యకు గాని, గదిలో అడ్డంగా కట్టిన దండెం మీద గాని వేలాడేవి. అక్కడ వాటికి గాలి తగిలేది. పైగా అవి అందరి కళ్ళ ముందే ఉండేవి గనుక, రేపు తొడగాలా, మూటలో వేయాలా అన్నది మరచిపోయే వీలుండేది కాదు.

మన అల్వాల్‌నే తీసుకోండి. 2007 ఏప్రిల్‌లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసేవరకు ఇది వేరే మునిసిపాలిటీ. అటు తర్వాత పాత అల్వాల్, లోతుకుంట, మచ్చబొల్లారం వైపు పెంకుటిళ్ళు పోయి అపార్టుమెంట్లు లేచాయి. కొత్త ఇంటి గోడలో తలుపులు మూసుకొనే అరలున్నాయి, బట్టలుతికే యంత్రానికి ఒక మూల ఉంది. చిలక్కొయ్యకు మాత్రం చోటు లేదు. గోడకు మేకు కొడితే పెచ్చు ఊడుతుందని ఇంటి యజమాని ఒప్పుకోడు. ఇంటికి మూడవ చోటు లేకపోయేసరికి మన ఆలోచనలో నుంచి మూడవ మాట కూడా మెల్లగా జారిపోతున్నది. ఇక మిగిలింది రెండే: అర, లేదా యంత్రం. శుభ్రం, లేదా మురికి.

తత్త్వశాస్త్రం చదివేవారికి మొదట్లోనే నేర్పే ఒక భేదం ఇక్కడ పనికివస్తుంది. ఎదురుబొదురుగా నిలిచే జంటలన్నీ ఒకే రకం కావని అరిస్టాటిల్ తన తర్కగ్రంథాలలో చూపించాడు. అంకె అన్నది సరి అయినా కావాలి, బేసి అయినా కావాలి. వాటి నడుమ మూడవది లేదు. కాని తెలుపు నలుపుల నడుమ ఎన్నో రంగులున్నాయి. శుభ్రం, మురికి అన్న జంట ఈ రెండవ రకానికి చెందినది. దానిని సరిబేసుల జంటగా భావించడం తర్కంలో జరిగే తప్పు. తర్కంలో జరిగిన ఆ తప్పుకు కూలి మాత్రం వేరొకరి చేతులు చెల్లిస్తాయి. ఆ సంగతికి కాసేపట్లో వస్తాను.

మీలో ఎవరైనా ఇలా అడగవచ్చు: "నడుమ చాలా మెట్లున్నాయి సరే, మరి ఏ మెట్టు దగ్గర బట్ట మాసినట్టు?" ఇదీ పాత చిక్కే. క్రీస్తు పూర్వం 4వ శతాబ్దంలో యూబులిడీస్ అనే గ్రీకు తార్కికుడు గింజల రాశిని గురించి ఇటువంటి ప్రశ్నే వేశాడని చెబుతారు. ఒక గింజ రాశి కాదు. దానికి మరొక గింజ చేర్చినంత మాత్రాన రాశి అయిపోదు. అలాగైతే రాశి ఎప్పుడు ఏర్పడినట్టు? చొక్కా కూడా అంతే. ఒక గంట తొడిగితే మాయదు, మరొక గంటకూ మాయదు. ఈ లెక్కన ఎన్నటికీ మాయదని చెప్పుకొని నెలంతా ఒకే ప్యాంటు తొడిగే విద్యార్థులు మీకు తెలిసే ఉంటారు! గీత ఎక్కడుందో చెప్పలేనంత మాత్రాన గీతకు ఇటూ అటూ ఏమీ లేదని కాదు. తెల్లవారే క్షణమేదో చెప్పలేకపోయినా అర్ధరాత్రికీ మధ్యాహ్నానికీ తేడా చెప్పగలం. "రెండు రోజులకు ఒకసారి" అన్న నియమం ఇక్కడ చాలదు. ఏప్రిల్ ఎండలో బస్సులో నిలబడి వచ్చిన గంట వేరు, జనవరిలో ఫ్యాను లేకుండా గడిచిన దినం వేరు. ప్రతిసారీ బట్టను చేతిలోకి తీసుకొని, కాలరు చూసి, చంక దగ్గర వాసన చూసి తేల్చుకోవలసిందే. దీనినే పెద్దలు వివేకం అన్నారు.

కాని ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. అప్పుడే పట్టిన చెమటకు దాదాపు వాసన ఉండదు. చర్మం మీద, నూలు మీద ఉండే సూక్ష్మజీవులు దానిని విరగ్గొట్టినప్పుడే వాసన పుడుతుంది. నూలు బట్టకంటె పాలియెస్టర్ బట్ట ఆ వాసనను ఎక్కువ పట్టి ఉంచుతుంది. అంతకంటె ముఖ్యమైనది మరొకటి: ఎప్పుడూ దగ్గరే ఉండే వాసనను ముక్కు కొద్దిసేపటికే గుర్తించడం మానేస్తుంది. కాబట్టి తన చొక్కా విషయంలో తాను మంచి న్యాయమూర్తి కాదు. ఇంట్లో ఇంకొకరిని అడగడంలో చిన్నతనం ఏమీ లేదు. "ఇంకా బాగానే ఉంది" అని మనమే తీర్పు చెప్పుకుంటే, ఆ తీర్పు ఫలితం అనుభవించేది బస్సులో మన పక్క సీటువారు.

ఇప్పుడు మన స్త్రీలకు తరతరాలుగా తెలిసిన ఒక విద్యను గమనించండి. గద్వాల చీరో, పోచంపల్లి పట్టో కట్టుకొని పెళ్ళికి వెళ్ళివచ్చిన ఇల్లాలు దానిని బకెట్టులో నానవేస్తుందా? వేయదు. నీడపట్టున గాలికి ఆరవేస్తుంది. మరక ఉందేమో అంచంచూ వెతుకుతుంది. పాత మడత మీదనే మళ్ళీ మడిస్తే నేత చిట్లుతుందని మడత మార్చి, తెల్లని నూలు గుడ్డలో చుట్టి దాస్తుంది. చెమట, తిండి మరకలు ఉన్న పట్టును, ఉన్నిని చిమ్మెట పురుగులు ముందుగా పడతాయని ఆమెకు తెలుసు. అందుకే కలరా ఉండలు వేసి సరిపెట్టుకోదు, ముందు మరకను చూసుకుంటుంది. విడిచిన బట్టను ఎలా దాచాలన్న ప్రశ్నకు ఇంతకంటె మంచి జవాబు లేదు.

మరి రెండు గంటలు కట్టిన పట్టుచీర మాయలేదని ఒప్పుకున్న మనం, రెండు గంటలు తొడిగిన చొక్కా మాసిందని ఎందుకంటున్నాం? రెండింటి మీదా పడింది ఒకే ధూళి, ఒకే చెమట. తేడా ఖరీదులో ఉంది. పట్టుచీరను ఊరికే ఉతికితే పోయేది మన డబ్బు. చొక్కాను ఊరికే ఉతికితే పోయేది ఇంకొకరి శ్రమ. మనం బట్టను చూసి తీర్పు చెప్పడం లేదు, ఆ నష్టం ఎవరిదో చూసి చెబుతున్నాం. ఈ వ్యాసంలో నేను మీ ముందు పెట్టదలచింది ప్రధానంగా ఈ ఒక్క మాటే.

మన దేశంలో బట్టల శుభ్రతకు చాలాకాలం మురికి కొలమానమే కాలేదు. మడి కట్టే ఇళ్ళలో ఉతికి ఆరవేసిన బట్టను కర్రతో ఎత్తైన దండెం మీద వేసేవారు. దానిని మరొకరు తాకితే చాలు, మరక లేకపోయినా మైలపడ్డట్టే. అదే సమయంలో ఆ బట్టల మురికినంతా చేతులతో పిండి వదిలించిన మనిషిని గుమ్మం బయటే నిలబెట్టేవారు. తెలంగాణ పల్లెలలో రజకులు దొరల ఇళ్ళ బట్టలను వెట్టికి ఉతికారు. పాలకుర్తికి చెందిన చాకలి ఐలమ్మ 1940లలో తన పొలాన్ని, పంటను కాపాడుకోవడానికి విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి నిలిచింది. రేవు దగ్గర వంగిన నడుము దొర ముందు వంగలేదు! 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనాన్ని, 23వ అధికరణంలో వెట్టిని నిషేధించింది. చట్టం మారింది. కాని ఉతికేవారి శ్రమకు లెక్క లేదన్న అలవాటు మన బుట్టల దగ్గర ఇంకా మిగిలే ఉంది.

ఎలాగంటారా? పూర్వం ఇంట్లో చాకలి పద్దు అని ఒక చిన్న పుస్తకం ఉండేది. చొక్కాలు ఎన్ని, పంచెలు ఎన్ని, దుప్పట్లు ఎన్ని అని రాసి వేసేవారు. రాయడానికి ఒక్కొక్క బట్టనూ చేతిలోకి తీసుకోవలసి వచ్చేది గనుక, ఇది నిజంగా మాసిందా అన్న ఆలోచన కూడా వచ్చేది. ఇప్పుడు పద్దు లేదు. ఇంట్లో బట్టలుతికే పనమ్మాయికి జీతం నెలకు ఇంత అని. మన కొడుకు దినానికి మూడు చొక్కాలు మార్చినా ఆమె జీతంలో ఒక్క రూపాయి పెరగదు. పనమ్మాయి లేని ఇంట్లో ఆ బరువు తల్లి మీదనో, భార్య మీదనో పడుతుంది. "యంత్రం ఉందిగా" అంటారు. యంత్రం ఉతుకుతుంది, నిజమే. కాని పిండిన బట్టలు మేడ మీదికి మోసేది, ఆరవేసేది, వాన వస్తే పరుగెత్తి తీసేది, మడతపెట్టేది యంత్రం కాదు. పైగా నీళ్ళు. ఎల్లంపల్లి నుంచి గోదావరి జలాలు సుమారు 186 కిలోమీటర్లు గొట్టాలలో ప్రయాణించి 2015 చివరలో మన నగరానికి చేరాయి. అంత దూరం నుంచి కరెంటు ఖర్చుతో ఎత్తి తెచ్చుకున్న నీటిని, మాయని చొక్కా మీద పోయడం ఏ విధంగా సబబు?

ఒక అభ్యంతరం వినవలసిందే. మనం తక్కువ ఉతికిస్తే లాండ్రీవారి, ఇస్త్రీ బండివారి పొట్ట కొట్టినట్టు కాదా? ఆలోచించదగిన మాట. 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణ ప్రభుత్వం లాండ్రీలకు, ధోబీఘాట్లకు నెలకు 250 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు ప్రకటించిందంటే, ఆ వృత్తికి ఆసరా అవసరమని ఒప్పుకున్నట్టే. కాని ఆసరా అంటే పనికిమాలిన పనిని పెంచడం కాదు, పనికి తగిన రేటు ఇవ్వడం. పది బట్టలకు బేరమాడేవారికంటె ఆరు బట్టలకు నిండుగా చెల్లించేవారే వారికి మేలు చేసినవారు.

ఇక ఆచరణ మాట. ఇంట్లో ఒక మూడవ చోటు ఏర్పాటు చేయండి. గోడకు మేకు కొట్టనివ్వకపోతే నాలుగు హ్యాంగర్లు పట్టే స్టాండు చాలు. విడిచిన బట్టను వెంటనే మూసిన అరలో కుక్కవద్దు. తడి ఆరక ముక్క వాసన పడుతుంది, పక్కనున్న ఉతికిన బట్టలకూ అంటుతుంది. తిరగేసి, గాలి తగిలేలా వేలాడదీయండి. చెమట పట్టినదానిని ఇస్త్రీ చేయించి "కొత్తది" చేయకండి. ఆ వేడికి మరక గట్టిపడుతుంది. లోదుస్తులకు, మేజోళ్ళకు, రోగి దగ్గర కట్టిన బట్టలకు ఈ మూడవ చోటులో స్థానం లేదు. అవి నేరుగా బుట్టలోకే పోవాలి. తలుపు వెనుక చీకట్లో గుత్తులు గుత్తులుగా వేలాడదీయవద్దు. అక్కడ దోమలు తలదాచుకుంటాయి. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జాడ పట్టుకున్నది ఈ సికింద్రాబాదులోనే. ఆ పాఠాన్ని మనవారే మరచిపోతే ఎలా? అన్నిటికంటె ముఖ్యం, వారానికి ఒక దినం పెట్టుకొని ఆ చోటును పూర్తిగా ఖాళీ చేయండి. తేల్చకుండా కొంతకాలం ఆగడం వివేకం. ఎన్నటికీ తేల్చకపోవడం సోమరితనం. చిలక్కొయ్యకూ కుర్చీకీ ఉన్న తేడా ఇంతే.

చివరగా, ఈ ప్రశ్నే పుట్టని ఇళ్ళు మన ఊళ్ళోనే ఉన్నాయని మరచిపోవద్దు. ఒంటి మీద ఒక జత, తాడు మీద ఒక జత ఉన్నవారికి మూడవ చోటు అక్కర లేదు. రాత్రి పిండి ఆరవేసిందే తెల్లవారి తొడగాలి. వానాకాలంలో అది ఆరదు. విడిచిన బట్ట ఎక్కడ పెట్టాలా అని తడుముకోవడం, మనకు కావలసినదానికంటె ఎక్కువ ఉన్నదనడానికి గుర్తు. ఎక్కువ ఉండడం పాపమని నేను అనను. కాని ఎక్కువ ఉన్నవారికి ఎక్కువ బాధ్యత ఉంటుంది. ఇంట్లో ఏళ్ళ తరబడి తొడగని మంచి బట్టలు ఉంటే, శుభ్రంగా ఉతికి, గుండీలు కుట్టించి, అవసరమైనవారికి ఇవ్వండి. మాసినవాటిని, చిరిగినవాటిని దానం పేరుతో వదిలించుకోవద్దు.

ఈ రాత్రి చొక్కా విప్పినప్పుడు ఒక్క క్షణం ఆగి దానిని వెలుతురులో పట్టుకొని చూడండి. అది మాసిందా, లేక మీరు విడిచారు అంతేనా? మాసి ఉంటే బుట్టలో వేయండి. మాయకపోతే, రేపు దానిని ఉతకవలసిన అవసరం లేని ఆ మనిషి ఎవరో ఒకసారి పేరు పెట్టి తలచుకోండి.