శూన్యవాదం, చరిత్ర, జవాబుదారీ

స్థిరమైన ఆత్మ లేదని చెప్పే దర్శనంలో చేసిన కర్మకు జవాబు చెప్పవలసినది ఎవరనే ప్రశ్న బౌద్ధానికి మొదటినుంచీ ఉన్నదే అయినా, 20వ శతాబ్దపు తూర్పు ఆసియాలో అది పండితచర్చ స్థాయిని దాటి రాజ్యాలకూ సైన్యాలకూ సంబంధించిన ప్రశ్న అయింది. జపాన్‌లో నిషిదా కితారో చుట్టూ రూపొందిన క్యోటో తాత్త్విక సంప్రదాయం 'పరమశూన్యం' అనే భావనను, అంటే ఉనికికీ లేమికీ రెండింటికీ ఆధారమై, తాను మాత్రం ఏ వస్తువూ కాని స్థానాన్ని, తన ఆలోచనకు కేంద్రంగా చేసుకున్నది. ఆ సంప్రదాయానికి చెందిన నలుగురు ఆలోచనాపరులు, వారిలో నిషితాని కేయిజి ఒకరు, పెర్ల్ హార్బర్ దాడికి రెండు వారాలైనా గడువు లేని 1941 నవంబరు 26న సమావేశమై ప్రపంచచరిత్రలో జపాన్ నిర్వహించవలసిన పాత్రను చర్చించగా, ఆ గోష్ఠి 1942 జనవరిలో 'చూఓకోరోన్' పత్రికలో అచ్చయింది. ఆ మరుసటి నెలలోనే సింగపూర్ జపాన్ వశమైంది.

సింగపూర్ కళాకారుడు హో జు న్యెన్ 2021లో జపాన్‌లోని యమగుచి నగర కళాకేంద్రంలో ప్రదర్శించిన 'వాయిస్ ఆఫ్ వాయిడ్' ఈ గోష్ఠి చుట్టూ అల్లినదే. కళ్ళకు పరికరం తొడిగి కల్పితస్థలంలోకి ప్రవేశపెట్టే వర్చువల్ రియాలిటీ పద్ధతిలో సాగే ఈ కృతిలో ప్రేక్షకుడు గోష్ఠిని రాసుకుంటున్న లేఖకుడి స్థానంలో కూర్చుంటాడు. చేయి కదులుతున్నంతసేపూ ఆచార్యుల చర్చ వినిపిస్తుంది. లేచి నిలబడితే ఆకాశంలోకి చేరుకుంటాడు. అక్కడ వినిపించేది క్యోటో సంప్రదాయానికే చెందిన తనాబె హజిమె 1943లో విద్యార్థులకు జీవన్మరణాల గురించి చేసిన ప్రసంగం. పడుకుంటే చెరసాలలోకి దిగుతాడు. ఆ లోకం అదే తాత్త్విక వాతావరణం నుంచి వచ్చి వామపక్షం వైపు తిరిగిన తొసాకా జున్, మికి కియోషిలది. తొసాకా 1945 ఆగస్టు 9న, మికి యుద్ధం ముగిసిన తర్వాత సెప్టెంబరు 26న జైలులోనే మరణించారు. ఈ కల్పనలోని బలమంతా శరీరభంగిమలో ఉన్నది. ఏ గొంతు వినాలో నిర్ణయించేది ప్రేక్షకుడి దేహమే కనుక, వినటం కూడా ఒక కర్మే అవుతుంది.

శూన్యవాదం బాధ్యతను కరిగించివేస్తుందన్న ఆక్షేపణ నాగార్జునుడి కాలానికే ఉన్నది. తెలుగునాట శ్రీపర్వతంతో, నాగార్జునకొండతో సంప్రదాయం ముడిపెట్టే ఈ ఆచార్యుణ్ణి జపాన్‌లో బౌద్ధ గురువు షిన్రాన్ తన ఏడుగురు ఆచార్యులలో మొదటివాడిగా లెక్కించాడు. అన్నీ శూన్యమైతే పాపపుణ్యాలకూ, ఆర్యసత్యాలకూ చోటెక్కడిదని ప్రతివాది అడిగినప్పుడు, స్వతస్సిద్ధంగా ఏదీ లేకపోవటం వల్లనే కార్యకారణాలు పనిచేయగలుగుతున్నాయని నాగార్జునుడి సమాధానం. శూన్యతను తప్పుగా గ్రహించటం పామును చేతకానివాడు పట్టుకోవటం వంటిదని హెచ్చరిక కూడా ఆయనదే. ఈ తర్కాన్ని చివరిదాకా అనుసరిస్తే రాజ్యానికి కూడా స్వభావసిద్ధమైన సత్త ఉండదు. క్యోటో ఆచార్యులు వ్యక్తిని శూన్యం చేయటంలో చూపిన నిష్ఠను రాజ్యం విషయంలో చూపకపోవటమే లోపం గాని, ఆ లోపం శూన్యత అనే భావనది కాదు.

తనాబె ఈ విషయంలో తన తప్పును గుర్తించకపోలేదు. 1946లో వెలువడిన గ్రంథంలో ఆయన షిన్రాన్‌ను ఆధారం చేసుకొని, మనిషి స్వశక్తితో గాక తనకు అతీతమైన 'పరశక్తి' వల్ల పరివర్తన చెందే పశ్చాత్తాపాన్నే తత్త్వశాస్త్రంగా ప్రతిపాదించాడు. దాని గాంభీర్యం కాదనలేనిదే అయినా, ఆ పశ్చాత్తాపం పరతత్త్వం ముందు మోకరిల్లినంతగా కొరియా, చైనా ప్రజల వైపు తిరగలేదు. అపరాధి తన అంతరంగంలో ఎంత దహించుకుపోయినా బాధితుడు సంభాషణలో లేనప్పుడు అది సగం పనే.

2019లో జపాన్‌లోని ఐచి త్రైవార్షిక ప్రదర్శనలో ఈ సమస్య మరోవైపు నుంచి బయటపడింది. జపాన్ సైన్యం లైంగిక బానిసత్వంలోకి నెట్టిన స్త్రీల స్మృతిలో కొరియా శిల్పులు కిమ్ సో-క్యుంగ్, కిమ్ ఉన్-సుంగ్ రూపొందించిన బాలిక విగ్రహాన్ని అక్కడ ఒక విభాగంలో ఉంచగా, బెదిరింపుల నడుమ ఆ విభాగాన్ని మూడు రోజులకే మూసివేసి, అక్టోబరులో పరిమిత ప్రవేశంతో తిరిగి తెరిచారు. బాలిక పక్కన ఒక ఖాళీ కుర్చీ ఉంటుంది, ఎవరైనా అందులో కూర్చోవచ్చు. తనాబె గ్రంథంలో కనిపించని రెండో మనిషికి ఈ శిల్పం చోటు కేటాయించింది. సామూహిక నేరానికి వారసత్వం ఉంటుందా అన్న ప్రశ్నకు ఇది సిద్ధాంతపరమైన జవాబు కాదు. పుట్టకముందు జరిగినదానికి నేరస్థుడు కాకపోయినా, దాని పక్కన కూర్చోవటానికి నిరాకరించటం నేటి వ్యక్తి స్వయంగా చేసే కర్మే అని మాత్రం అది సూచిస్తుంది.

ఈ కోణం నుంచి చూస్తే హో కృతిలో ఒక లోటు కనిపిస్తుంది. గోష్ఠిగదిలోనూ, చెరసాలలోనూ, ఆకాశంలోనూ వినిపించేవి ప్రధానంగా జపాన్ మేధావుల గొంతులే. ఆక్రమణకు గురైన సింగపూర్ నుంచి వచ్చిన కళాకారుడు తన నగరపు మృతులను వారి మధ్య ప్రవేశపెట్టలేదు. అయితే 1941లో ఆసియా భవిష్యత్తును నిర్ణయించ కూర్చున్నవారి మధ్య ఆ ఆసియాకు నిజంగానే స్థానం లేదు. లేనివారిని కల్పించి కూర్చోబెడితే ఆనాటి గోష్ఠి అసలు ఉన్నదానికన్నా ఉదారంగా కనిపించి ఉండేది.